గాజుపెట్టెలోనా, భుజం మీదా?

రోరీ గాలహర్ అనే ఐరిష్ రాక్ గిటారిస్టు 1995 జూన్ 14న లండన్‌లో పోయాడు. ఆయన గిటారు ఎవరి దగ్గర ఉండాలి, ఎలా ఉండాలి అని దోహాలో ఒక పాలకొల్లు కుటుంబం కొట్టుకోవడమేమిటని మీరు అడగచ్చు. కొట్టుకున్నాం మరి. మా ఆయన రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు. ప్రెషర్ గేజీలు, కాలిబ్రేషన్ స్టిక్కర్లు, లాగ్‌బుక్కులు ఆయన లోకం. మా తమ్ముడు కార్యక్రమాలకి సౌండ్ సిస్టమ్ నడుపుతాడు, సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి రాక్ వాయిస్తాడు. ఒక శనివారం ఖతార్ నేషనల్ మ్యూజియం చూసి, కరక్ చాయ్ కప్పులు పట్టుకుని కార్నిష్ మీద నడుస్తుంటే మాట మొదలైంది. విన్నది విన్నట్టు రాస్తున్నాను. మధ్యలో నా నోరూ ఊరుకోలేదు.

తమ్ముడు: ముత్యాల గదిలో మీరా నాయర్ తీసిన ‘నఫాస్’ చూశారు కదా బావగారూ. పడవ మీద పాడేవాణ్ణి ఇక్కడ నహ్హామ్ అంటారు. తెడ్డు వెయ్యాలన్నా తెరచాప ఎత్తాలన్నా వాడు ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. అది పనిపాట. దాన్ని తెచ్చి ఏసీ గదిలో కూర్చోబెడితే, చూసినవాళ్ళు బాగుందనుకుని పక్క గదిలోకి పోతున్నారు. పాట బతికినట్టా అది?

మా ఆయన: బతికిందని నేనన్నానా? ఉందన్నాను. 1930లలో జపాన్ వాళ్ళ పెంపకం ముత్యాలు వచ్చిపడేసరికి ఇక్కడి ముత్యాల వ్యాపారం కూలిపోయింది. పడవ లేదు, పని లేదు, ఇంక పాటెక్కణ్ణుంచి వస్తుందిరా? ఎవడో ఒకడు దాచబట్టే ఇవాళ నువ్వు దానిమీద అలగ్గలుగుతున్నావు.

తమ్ముడు: అలక కాదండి. రోరీ గాలహర్ గిటారుకీ ఇదే గతి పట్టిందని నా బాధ.

‘ఎవర్రా ఆ గాలహర్’ అన్నారు మా ఆయన. అనకుండా ఉండాల్సింది. మావాడు చాయ్ పారబోసి మరీ అందుకున్నాడు.

తమ్ముడు: ఐర్లండ్‌లో బాలీషానన్‌లో పుట్టి కార్క్‌లో పెరిగాడండి. 1963లో, పదిహేనేళ్ళ వయసులో, కార్క్‌లోని క్రౌలీ అనే వాద్యాల దుకాణంలో ఒక సెకండ్ హ్యాండ్ గిటారు చూశాడు. 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ఐర్లండ్‌కి వచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్ అదేనని చెప్పుకుంటారు. వంద పౌండ్లు. ఆ రోజుల్లో ఆ కుర్రాడికి అది కొండంత. వాయిదాల మీద తీసుకున్నాడు. 1966లో డబ్లిన్‌లో దొంగలెత్తుకుపోతే, తర్వాత ఒక కాలవగట్టున తడిసి దొరికింది. అప్పణ్ణుంచీ దాన్ని వదిలితే ఒట్టు. స్టేజి మీద ఆయనకి పట్టే చెమటకి ఆ గిటారు రంగంతా ఊడిపోయి కర్ర బయటపడింది. మెడ చెమ్మ పీల్చి పాడైతే విప్పి పక్కన పెట్టాడు, అది ఆరి దారికొచ్చాక మళ్ళీ బిగించాడు. ఫ్రెట్లు ఎన్నిసార్లు మార్చాడో. శ్రుతి బిగించే మరలు కూడా మొదటివి కావు.

మా ఆయన: మరి అసలుదేది మిగిలిందిరా అందులో?

తమ్ముడు: అదేనండి నేననేది! మిగిలింది వాడకం. ఆ గిటారంటే వాడకమే. దాన్ని ఇప్పుడు ఎవరూ ముట్టుకోకుండా పెడితే, ఏది దాస్తున్నట్టు?

మా ఆయన: ఇప్పుడెక్కడుంది?

తమ్ముడు: ఆయన పోయాక తమ్ముడు డోనల్ దగ్గర ఉంది. అన్న బతికుండగా మేనేజరు ఆయనే, పోయాక పాత టేపులు వెతికి ఆల్బములు తెచ్చిందీ ఆయనే. దాదాపు ముప్ఫై ఏళ్ళు కాపాడి, 2024 అక్టోబరులో లండన్‌లో బోనమ్స్ వాళ్ళ వేలానికి పెట్టారు. 8,89,400 పౌండ్లు పలికింది. మన లెక్కలో తొమ్మిదిన్నర కోట్ల పైమాటే. లైవ్ నేషన్ తరఫున డెనిస్ డెస్మండ్ అనే కచేరీల నిర్వాహకుడు కొని, ఐర్లండ్ నేషనల్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

మా ఆయన: ఇంతకన్నా మంచి కథ ఏముంటుందిరా! కొన్నవాడు తన హాల్లో తగిలించుకోలేదు, దేశానికిచ్చాడు. దీనికి ఏడవడమేమిటి?

తమ్ముడు: 2011లో జో బోనమాసా అనే గిటారిస్టు లండన్ హామర్‌స్మిత్ అపోలోలో కచేరీ మొదలుపెడుతూ ఇదే గిటారు తగిలించుకుని వచ్చాడు. కుటుంబమే ఇచ్చింది. వీడియో చూడండి, జనం ఎలా లేచారో. మ్యూజియంవాడు అలా ఇస్తాడా? చేతిగ్లవ్స్ లేకుండా దగ్గరికి రానివ్వడు.

మా ఆయన: ఇవ్వకూడదు కూడా. నేను చెప్తా విను. వాయించిన ప్రతిసారీ తీగ ఫ్రెట్‌ని అరగదీస్తుంది. అరిగితే మార్చాలి. మారిస్తే పాతది పోయినట్టే. పొటెన్షియోమీటరు గరగరమంటే దాన్నీ మార్చాలి. అదీ పోయింది. ఇంక ఈ ఊరు సంగతి చూడు. ఆగస్టు, సెప్టెంబరు రాత్రుల్లో బయటికొస్తే కళ్ళద్దాలు మసకేస్తాయి. లోపలికెళ్తే ఏసీ తేమంతా పీల్చేస్తుంది. కారులోంచి హాల్లోకి, హాల్లోంచి కారులోకి తిప్పితే కర్ర ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. మెడ వంగడానికి ఒక్క వేసవి చాలు. తేమ నలభై అయిదు, యాభై అయిదు శాతం మధ్య నిలకడగా ఉండాలి. నీ ఫ్లాటులో ఉంటుందా?

తమ్ముడు: నా గిటారు కేసులో తేమ ప్యాకెట్లు పెడతానండి.

మా ఆయన: పెట్టి, వాటిని మార్చడం మర్చిపోతావు. అందుకే మనుషుల మీద వదలకూడదంటున్నాను.

ఇది మా ఆయన ఉద్యోగం మాట్లాడుతోందని నాకు తెలుసు. అయినా తమ్ముడి కేసు నేను చూశాను, ప్యాకెట్లు ఎండి గట్టిపడి ఉన్నాయి.

తమ్ముడు: మనుషుల మీద వదలకపోతే సంగీతమే లేదు బావగారూ. ఇంట్లోవాళ్ళ దగ్గర ఉంటే ప్రేమగా చూసుకుంటారు. డోనల్ చూసుకోలేదా?

మా ఆయన: అందరూ డోనల్‌లు కారురా. బిస్మిల్లా ఖాన్ సంగతి మర్చిపోయావా? ఆయన 2006లో పోయారు. పదేళ్ళకి, 2016 డిసెంబరులో, బెనారస్‌లో ఆయన కొడుకింట్లోంచి షెహనాయిలు మాయమయ్యాయి. అందులో నాలుగు వెండివి. ఒకటి మన పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఇచ్చింది. మరుసటి నెలలో పోలీసులు పట్టుకున్నారు. ఎవర్ననుకున్నావు? సొంత మనవణ్ణి. పదిహేడు వేలకి నగల దుకాణంలో అమ్మేశాడు. పోలీసులకి దొరికింది కరిగించిన వెండి.

తమ్ముడు కాసేపు సముద్రం వైపు చూశాడు. నాక్కూడా ఆ వార్త చదివిన రోజు గుర్తుంది. వంగరలో పెరిగిన మనిషి కానుక, భారతరత్న ఊదిన వాద్యం, ఆఖరికి తూకం వేసి లెక్కకట్టిన లోహం. ఆ మనవణ్ణి తిట్టడం తేలిక. కానీ ఆ పదేళ్ళలో ఎవరైనా ఆ ఇంటికెళ్ళి, వీటిని మాకివ్వండి, మీకింత ఇస్తాం, పేరు రాసి పెడతాం అని గట్టిగా అడిగి ఉంటే ఏమయ్యేదో. చూరు కింద బంగారం పెట్టి, బీదరికాన్ని కాపలా పెట్టడం కూడా తప్పే.

తమ్ముడు: ఒప్పుకుంటానండి. అది ఘోరం. కానీ ఒక దొంగ కథ చెప్పి ఇళ్ళన్నీ మూయించేస్తే ఎలా? మధ్యదారి ఉంది. పగనినీ వయొలిన్ చూడండి. 1743లో గ్వార్నెరి చేసింది, ‘కానోనే’ అంటారు. 1840లో పోతూ పగనినీ దాన్ని తన సొంత ఊరు జెనోవాకి రాసిచ్చాడు. ఊరివాళ్ళు గాజులో పెట్టారు, కానీ తాళం వేసి మర్చిపోలేదు. పగనినీ పేరున జరిగే పోటీలో గెలిచినవాళ్ళ చేతికిస్తారు, వాయించనిస్తారు. పక్కన సంరక్షకుడు నిలబడి ఉంటాడు, వాయించాక పరీక్ష చేసి మళ్ళీ లోపల పెడతాడు. ఇంకోవైపు ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియంలో స్ట్రాడివారి 1716లో చేసిన ‘మెసయ్య’ ఉంది. కొత్తదానిలా మెరుస్తుందట. ఎవరూ వాయించరు. రెండింటిలో ఏ వయొలిన్ అదృష్టవంతురాలో మీరే చెప్పండి.

మా ఆయన: రెండూ కావాలి. మెసయ్య లేకపోతే స్ట్రాడివారి చేతిలోంచి వచ్చినప్పుడు వార్నిష్ ఎలా ఉండేదో, మూలలు ఎంత పదునో ఎలా తెలుస్తుంది? ప్లాంటులో మేం కూడా అంతే. ఒక గేజీని ఎప్పుడూ లైనులో పెట్టం. మిగతావాటిని దాంతో సరిచూస్తాం. అదీ పనిచేస్తున్నట్టే.

నాకు ఈ మాట నచ్చింది. తమ్ముడికీ నచ్చినట్టే ఉంది, కానీ మొహంలో కనపడనివ్వలేదు.

తమ్ముడు: సరే, గేజీలకి ఆ లెక్క కుదురుతుంది. కానీ ఎలక్ట్రిక్ గిటారు వయొలిన్ కాదండి. దానికి బోలు కడుపు లేదు. చెక్కపలక మీద తీగలు, కింద అయస్కాంతం చుట్టూ సన్నని తీగ చుట్టిన పికప్పు. దాన్ని ఒంటరిగా మీటితే ఈ చాయ్ దుకాణంవాడికి కూడా వినపడదు. రోరీ మోత సగం వాక్స్ ఏసీ30 ఆంప్లిఫయరుది, మధ్యలో పెట్టిన రేంజ్‌మాస్టర్ ట్రెబుల్ బూస్టరుది. బోనమ్స్ వేలంలో ఆయన ఇతర గిటార్లు, ఆంప్లిఫయర్లు విడివిడి లాట్లుగా అమ్ముడయ్యాయి. ఒక మనిషి నోరు ఒకరికి, గొంతు ఒకరికి పంచిపెట్టినట్టుంది.

మా ఆయన: ఇదిగో, ఇప్పుడు నా దారికొచ్చావు! అందుకే అంతా ఒక్కచోట, లెక్క రాసి, ఒకే సంస్థకి ఇవ్వాలి.

తమ్ముడు: సంస్థకి ఎవరిస్తారండి? గిటారిస్టు జెఫ్ బెక్ 2023 జనవరిలో పోయాడు. రెండేళ్ళకి క్రిస్టీస్‌లో నూట ముప్ఫై పైచిలుకు వస్తువులు వేలం వేస్తే 87 లక్షల పౌండ్లు వచ్చాయి. ‘ఆక్స్‌బ్లడ్’ అనే ఒక్క లెస్ పాల్ గిటారే పది లక్షల పౌండ్లు దాటింది. ఆ ధర చూశాక ఏ కుటుంబం ఉచితంగా ఇస్తుంది? ఇవ్వమనడానికి మనమెవరం?

ఇక్కడ నేను దూరాను. వీళ్ళిద్దరూ గిటారు ఎక్కడుండాలో మాట్లాడుతున్నారు కానీ, అది చెప్పాల్సిన మనిషి చెప్పాడా అని అడగడం లేదు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంలోని జెర్రీ గార్సియా కూడా 1995లోనే పోయాడు. తన గిటార్లు చేసిన డగ్ ఇర్విన్ అనే వడ్రంగి కళాకారుడికే వాటిని తిరిగిచ్చేయమని వీలునామాలో రాశాడు. బృందం సంస్థ ఒప్పుకోలేదు, అవి మావేనంది. కొన్నేళ్ళు తగువు నడిచి 2001లో రాజీ అయింది. ‘టైగర్’, ‘వుల్ఫ్’ ఇర్విన్ చేతికొచ్చాయి. మరుసటి ఏడు ఆయన వేలం వేస్తే టైగర్‌కి 9,57,500 డాలర్లు వచ్చాయి. పగనినీ రాసింది ఊరి పేరు, గార్సియా రాసింది చేసినవాడి పేరు. రాసినవి కాబట్టే ఆఖరికి ఎంతో కొంత చెల్లాయి. మన విద్వాంసుల్లో ఎంతమంది ఇలా రాశారు? పొలం, ఇల్లు, బంగారం రాస్తాం. వీణ ఎవరికని రాయం. అది ఇంట్లో పెద్దకొడుకుతోపాటు ఎక్కడికో పోతుంది.

మా ఆయన: నువ్వు చెప్పేది శ్రీనివాస్ గురించా?

అవును, నా మనసులో ఉన్నది ఆయనే. పాలకొల్లు మనిషిని, ఇంకెవరి గురించి అంటాను? రాక్ గిటారిస్టు కాకపోవచ్చు గానీ మన తెలుగువాళ్ళలో ఆ ఎలక్ట్రిక్ తీగకి అంతటి పేరు తెచ్చినవాడు మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ ఒక్కడే. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. 2014 సెప్టెంబరు 19న, కాలేయ మార్పిడి తర్వాత, చెన్నైలో పోయాడు. నలభై అయిదేళ్ళు.

తమ్ముడు: అక్కా, నేను గిటారు పట్టింది ఆయన వల్లే. రిమెంబర్ శక్తి బృందం వీడియోలో గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ పక్కన కూర్చుని, బుల్లి ఎలక్ట్రిక్ గిటారులాంటి ఆ మాండలిన్ మీద నవ్వుతూ వాయిస్తుంటే, మెక్లాఫ్లిన్ తన చెయ్యి ఆపి ఆయన వంక చూస్తాడు. మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపిన మనిషి! 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి ‘డ్రీమ్’ చేశాడు. పీటర్ గాబ్రియల్ రియల్ వరల్డ్ కంపెనీ తెచ్చింది. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించినప్పుడు పద్నాలుగేళ్ళండి!

మా ఆయన: నాకు ఆ పేర్లన్నీ తెలియవు. నాకు తెలిసింది ఒకటి. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. జత తీగ మీద గమకం లాగితే రెండూ ఒకేలా కదలవు, శ్రుతి చెదురుతుంది. ఆయన జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు. కింది స్థాయి అందక అయిదో తీగ కలిపాడు. నాదం త్వరగా ఆరిపోతుంటే కరెంటు పెట్టాడు. అది డిజైన్ మార్పురా. ఏ తీగ ఎంత మందం, ఫ్రెట్ ఎంత ఎత్తు, తీగకీ పలకకీ మధ్య ఎంత ఖాళీ, పికప్పు ఎక్కడ బిగించారు, ఏ ప్లెక్ట్రమ్. ఇవన్నీ కొలిచి రాసి ఉంచాలి. ఆ కొలతలు పోతే వస్తువున్నా పోయినట్టే. అందుకే గాజుపెట్టె అన్నాను. వాయించేవాడు తన చేతికి తగ్గట్టు సర్దేస్తాడు. సర్దిన క్షణంలో శ్రీనివాస్ కొలత మాయం.

ఇంతసేపటి వాదనలో మా ఆయన అన్నవాటిలో గట్టి మాట ఇదే. వాద్యాన్ని వస్తువుగా కాక ఒక పత్రంగా చూడమంటున్నారు. తమ్ముడు దీనికి జవాబు చెప్పలేడనుకున్నాను. చెప్పాడు.

తమ్ముడు: కొలవండి బావగారూ, కాదన్ను. కానీ ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడమే రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్రం మనిషి. ఆయన పాడేవాడు, ఈ పిల్లాడు విని తీగ మీద వెతుక్కునేవాడు. అంతకుముందు వాసురావు గారనే గిటారు ఆయన ఏడేళ్ళప్పుడు పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. అంటే ఏమిటి? మాండలిన్ మీద కర్ణాటక సంగీతం ఎలా వాయించాలో ఆ రోజు లోకంలో ఏ కొలతలోనూ లేదు. గాత్రంలో ఉంది, చెవిలో ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ళవాడు వాయించాడంటే, పెద్దాయన గొంతు ఆ వేళ్ళలోకి దిగింది కాబట్టే. మీ గాజుపెట్టెలో గొంతు ఎక్కడ పెడతారు?

మా ఆయన: గొంతు కూడా పెట్టచ్చు. రికార్డు చెయ్యాలి.

తమ్ముడు: మనుషుల్లో పెట్టాలండి. చెన్నైలో ఆయన పెట్టిన స్కూల్లో ఉచితంగా నేర్పాడు. తమ్ముడు రాజేశ్ అదే మాండలిన్ పట్టుకుని కచేరీలు చేస్తున్నాడు. అదీ వారసత్వం.

ఐర్లండ్‌లో డోనల్, మన దగ్గర రాజేశ్. రెండు చోట్లా అన్నగారి పేరు మోసింది తమ్ముళ్ళే. నేను మా తమ్ముడి వంక చూసి ఊరుకున్నాను.

మా ఆయన: శిష్యుల్లో ఉంటుందంటావు. శిష్యుడు తన పాట వాయిస్తాడు కానీ గురువుది ఎందుకు వాయిస్తాడు? వాయించకూడదు కూడా. రెండు తరాలు గడిస్తే శ్రీనివాస్ ఎలా లాగేవాడో శిష్యుల శిష్యుణ్ణి చూసి చెప్పగలవా? రికార్డే చెప్పాలి. ఇక్కడి సంగతే తీసుకో. ఒమన్‌లో సూర్ నుంచి వచ్చిన సలీం రషీద్ సూరీ అనే నావికుడు 1930లలో బొంబాయిలో ఉండి గ్రామఫోన్ రికార్డులిచ్చాడు. ఆ కాలంలో గల్ఫ్ పాట మన బొంబాయి మీదుగా రికార్డులకెక్కింది. ఇవాళ ఖతార్ నేషనల్ లైబ్రరీ, బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో తెరిచిన డిజిటల్ లైబ్రరీలో గల్ఫ్ లక్క రికార్డులు ఎవరైనా వినచ్చు. నీ ఫోన్లో కూడా. ఏ శిష్యుడూ మిగల్చనిది ఒక లక్క పళ్ళెం మిగిల్చింది.

తమ్ముడు: పళ్ళెం మిగిలింది సరే. టేపులు మిగలవండి. 2008 జూన్‌లో హాలీవుడ్‌లో యూనివర్సల్ గోదాముకి నిప్పంటుకుని ఎన్నో మాస్టర్ టేపులు కాలిపోయాయి. అంత డబ్బున్నవాళ్ళే కాపాడుకోలేదు. సౌండ్ పనివాణ్ణి కాబట్టి చెప్తున్నాను. పాత టేపులో అయస్కాంతపు పొడిని అంటించిన జిగురు తేమకి మెత్తబడి కారుతుంది. ప్లేయర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని పాటంతా గీరుకుపోతుంది. వేడి గూట్లో గంటల తరబడి ఆరబెట్టాక ఒకటి రెండుసార్లు మాత్రం పలుకుతుంది. ఆ వీలుండగానే కాపీ తీసుకోవాలి. గిటారు వందేళ్ళు ఉంటుంది. టేపు ఉండదు.

ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుని చివరికి ఇక్కడ తేలారు. తేలినా ఒప్పుకోలేదు. మా ఆయన ఇప్పటికీ వాద్యం గాజులో ఉండాలనే అంటారు. తమ్ముడు ఏడాదికోసారైనా తీసి వాయించాలంటాడు. నా తీర్పు అడిగితే, వాద్యం విషయంలో మా తమ్ముడిదే పైచెయ్యి, జెనోవావాళ్ళలా చేస్తే చాలు. కానీ కొలతలు ముందు రాసుకోవాలన్న మా ఆయన మాట తప్పిస్తే ఆ వాయింపు కూడా దండగే. అసలు తొందర పడాల్సింది మాత్రం చెక్క గురించి కాదు, టేపుల గురించి. ఇక్కడ దోహాలో సూక్ వాకిఫ్ బజారులో ఒక రంగస్థలానికి ఖతార్ జాతీయగీతానికి బాణీ కట్టిన అబ్దుల్ అజీజ్ నాసర్ పేరు పెట్టారు. ఆయన 2016లో పోయారు. పేరు పెట్టడం మనకీ వచ్చు, విగ్రహం పెట్టడం ఇంకా బాగా వచ్చు. విగ్రహం దగ్గర దండ వేసి ఇంటికొచ్చాక, శ్రీనివాస్ 1980లలో గోదావరి జిల్లాల గుళ్ళల్లో, పందిళ్ళల్లో వాయించిన కచేరీ ఒక్కటి వినాలంటే ఏది?

అది మీ ఇళ్ళల్లో ఉంది. ఆ రోజుల్లో ముందు వరసలో టేప్ రికార్డరు పెట్టుకుని కూర్చున్నవాళ్ళలో మా పెదనాన్న ఒకరు, మీ నాన్నగారు ఇంకొకరు అయి ఉంటారు. అందులో శ్రీనివాసే ఉండక్కర్లేదు. ఊరి నాదస్వరం, ఊరి వయొలిన్, పోయినవాళ్ళెవరైనా సరే. అటక మీద క్యాసెట్ దొరికితే చూద్దామని వెంటనే ప్లేయర్‌లో వెయ్యకండి. బూజు కనపడితే అసలే వద్దు, తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించండి. కాపీ తీసేటప్పుడు ఎంపీ3తో సరిపెట్టకండి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు అడగండి. పెట్టె మీద గీసి ఉన్న పెన్సిలు రాత కూడా ఫొటో తీయండి. ఊరు, తేదీ, మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు, గుర్తున్నంత రాసిపెట్టండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉంచండి. యూట్యూబులో పెట్టేముందు ఆ కళాకారుడి కుటుంబాన్ని అడగండి. మన చట్టంలో ప్రదర్శన మీద కళాకారుడి హక్కు యాభై ఏళ్ళు ఉంటుంది. 1981లో జరిగిన కచేరీ మీద అది 2031 డిసెంబరు 31 దాకా నడుస్తుంది.